మువ్వరాయి

పొద్దు వాలాక మువ్వరాయి దగ్గర నీళ్లలోకి ఎవరూ దిగరు.

అండమాన్‌లో ఒక చిన్న దీవి ఉంది. పేరు చెప్పను. ఒడ్డు నుంచి మరబోటులో కాసేపు వెళితే, సముద్రం అడుగున తాటిచెట్టంత లోతులో ఈ రాయి ఉంటుంది. పగలైతే దాని చుట్టూ రంగురంగుల చేపలు, పగడాలు... చూసి తీరాలంటారు. చీకటి పడ్డాక మాత్రం అక్కడికి దిగినవాడికి వెనక నుంచి ఎద్దు మెడలో మువ్వ మోగినట్టు వినిపిస్తుందట.

గల్లు... గల్లు...

వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. మళ్లీ వెనక నుంచే — గల్లు.

సముద్రం అడుగున ఎద్దేమిటయ్యా అని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వాను. చోడవరం కోర్టులో సర్వీసంతా గుమాస్తాగా చేసినవాణ్ణి. దేవుడి మీద ప్రమాణం చేసి ఎంతమంది ఎన్ని కథలు చెప్పారో విన్నవాణ్ణి. మా వైపు దెయ్యాలకేం కరువు లేదు కూడా. చెరకు బళ్లకి అడ్డం నిలబడే దెయ్యం, రైవాడ కాలవ గట్టున చుట్టకి నిప్పడిగే దెయ్యం... చిన్నప్పటి నుంచీ అన్నిటితోనూ పరిచయమే. విమానం ఎక్కి వెళ్లి కలుసుకోవాల్సిన దెయ్యం మాత్రం ఇదొక్కటే. పైగా అది మా వైపు వాడిదే.

ఈ కథ నాకు చెప్పింది గౌతమి. మా పెదనాన్న మనవరాలు, నాకు కూతురి వరస. చోడవరం బస్టాండు వెనక బట్టలు కుట్టే షాపు పెట్టుకుంది. ఆ దెయ్యం ఆమె భర్త.

భర్త పేరు బంగార్రాజు. గోవాడ పక్క పల్లెలో చెరకు రైతు కొడుకు. చిన్నప్పుడు నేలబావిలో దూకితే, తల్లి చిన్నమ్మి గట్టు మీద నిలబడి ఏడుపు మొదలుపెట్టేదాకా పైకి తేలేవాడు కాదట. అంత ఊపిరి వాడిది. వాడికి గౌరీశంకర్ అని చోడవరం టౌనులో ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. గౌరీశంకర్ మేనమామ ఎప్పుడో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి స్థిరపడితే, ఆయన్ని పట్టుకుని ఇద్దరూ అక్కడికి చేరారు. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగే విద్య నేర్చుకున్నారు. ఆ దీవిలో షాపు పెట్టారు. షాపూ బోటూ గౌరీశంకర్‌వి, నీళ్లలో పని బంగార్రాజుది.

ఆ విద్యకీ పరీక్షలూ సర్టిఫికెట్లూ ఉంటాయి. కొత్తవాళ్లని చెయ్యి పట్టుకుని దింపి ఫొటోలు తీసి పంపే షాపులు వేరే ఉన్నాయి. వీళ్లది మాత్రం ఆ పరీక్ష పాసై కార్డు తెచ్చుకున్నవాళ్లకే. ముందు బంగార్రాజు దారి చూపిస్తూ ఈదుతాడు, వెనక నలుగురైదుగురు గెస్టులు. నీళ్లలో మాట ఉండదు కదా — వెనకున్నవాళ్లని పిలవాలంటే ఏదో చప్పుడు చెయ్యాలి. అందరూ ఇనప కడ్డీతో సిలిండర్ మీద కొడతారు. మనవాడు మాత్రం ఇంటి దగ్గర ఎద్దు మెడలో మువ్వ తీసుకెళ్లి మణికట్టుకి కట్టుకున్నాడు. దాన్ని మించిన హారనుందా అనేవాడట. ఢిల్లీ వాళ్లూ, తెల్లవాళ్లూ ఆ మువ్వకి తలకాయలు తిప్పి చూసేవాళ్లు.

రెండేళ్ల కిందట, ఒక సాయంత్రం ఆ రాయి దగ్గరే పోయాడు.

గెస్టులని తీసుకుని దిగాడు. కాసేపటికి వాళ్లు పైకి వచ్చారు, వాడు రాలేదు. వెతికి తీసేసరికి ప్రాణం లేదు. చేతికి మువ్వ కూడా లేదు. నీట మునిగి పోయాడని కాగితం రాసిచ్చారు. ఎందుకు మునిగాడంటే గౌరీశంకర్ ఒకే మాట అన్నాడు.

"మధ్యాన్నం మందు తాగేడు. దిగొద్దన్నాను. ఇన్లేదు."

ఆ మాట శవంతో పాటే విమానం దిగి చోడవరం వచ్చేసింది. బంగార్రాజుకి జన్మలో తాగుడు అలవాటు లేదు. కల్లు కుండ పక్కనుంచి వెళ్లాలన్నా ముక్కు మూసుకునేవాడు. అయితే మాత్రం ఎవరు వింటారు? అంత లోతులు తెలిసినవాడు మునిగాడంటే తాగే ఉంటాడని జనం తేల్చేశారు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు కూడా "పాపం, తాగుడు ఎంత పని చేసిందమ్మా" అని గౌతమిని ఓదార్చేవారట. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండిపోయేది. కత్తెర బల్ల మీద పెట్టేసి, బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడేది. మొగుడు పోయిన దుఃఖం కన్నా, పోయినవాడి మీద పడిన ఈ మచ్చ ఆమెని ఎక్కువ తినేసింది.

అక్కడ దీవిలోనేమో మువ్వ మోగడం మొదలైంది.

ముందు విన్నది బోటు నడిపే పరదేశి అనేవాడు. అతనూ మన రోలుగుంట వైపు వాడే. సాయంత్రం లంగరు చిక్కుకుంటే విడదీయడానికి దిగి, గావుకేక పెట్టి పైకి వచ్చాడట. తర్వాత ఇంకొకడు విన్నాడు. పగడాల్లో ఉండే ఒక రకం రొయ్యలు చిటపటమని చప్పుడు చేస్తాయని, నీళ్లలో చప్పుడు ఎటునుంచి వస్తోందో మన చెవికి తెలియదని చదువుకున్నవాళ్లు చెప్పారు. బోటువాళ్లు తల ఊపి, సాయంత్రం దిగడం మానేశారు. బంగార్రాజు పగబట్టాడని, ఎవరికోసమో అక్కడ కాచుకుని ఉన్నాడని చెప్పుకున్నారు.

ఎవరికోసమో వాళ్లకి తెలియదు. కానీ ఆనాటి నుంచి గౌరీశంకర్ మాత్రం పగలు కూడా ఆ రాయి దగ్గర నీళ్లలో కాలు పెట్టలేదు. గెస్టులు ఎంత బతిమాలినా వేరే గైడుని పంపేవాడు.

ఆ సంగతి పరదేశి ఫోన్లో గౌతమికి చెప్పాడు. రొయ్యలకి భయపడే రకం కాదు గౌరీశంకర్. మరి దేనికి భయపడుతున్నాడు?

గౌతమి షాపుకి తాళం వేసి వైజాగ్ వెళ్లింది. బీచిలో సముద్రంలోకి దిగడం నేర్పేవాళ్ల దగ్గర చేరింది. చిన్నప్పుడు ఆమె కూడా నేలబావుల్లో ఈదిన పిల్లే. అయినా రబ్బరు సూటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటే తనకే నవ్వొచ్చిందట. ఊళ్లో అయితే చెప్పక్కర్లేదు — మొగుడు పోయాక మతి పోయిందన్నారు. నేను కూడా "నీకిదేం పిచ్చే" అని కేకలేశాను. అన్నీ పడింది. చెవుల్లో నొప్పికి రాత్రుళ్లు ఏడ్చింది. పరీక్ష ఒకసారి తప్పింది, మళ్లీ రాసింది. చివరికి కార్డు తెచ్చుకుంది. చీకట్లో దిగడానికి వేరే శిక్షణ ఉంటే అది కూడా పూర్తి చేసింది.

పోయిన మాఘమాసంలో విమానం ఎక్కింది.

గుమ్మంలో ఆమెని చూసి గౌరీశంకర్ ముఖం ఎలా పెట్టాడో నాకు చెప్పలేదు. చెల్లెమ్మా అంటూ కుర్చీ వేశాడట. భోజనం పెట్టించాడట. ఆమె కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయన పోయిన సోటు సూడాలి అన్నియ్యా."

"అక్కడేటున్నాదమ్మా సూడ్డానికి?"

"రేపు ఆయన తిథి. బెల్లమంటే ప్రాణం కదా మనిషికి. ఓ ముక్క అక్కడ వదుల్తాను. ఆయన దిగిన యేళకే దిగుతాను."

"గైడుని పంపుతానమ్మా. మంచోడు..."

"నువ్వే రావాలి. ఆయనకి నువ్వు కాక ఎవరున్నారు అన్నియ్యా?"

ఆ మాటకి కాదనే మగవాడు మన వైపు ఇంకా పుట్టలేదు. గౌరీశంకర్ సముద్రం వైపు చూసి సరే అన్నాడు.

మర్నాడు బోటులో ముగ్గురే. ముందు పరదేశి, మధ్యలో గౌతమి, వెనక గౌరీశంకర్. అక్కడ సూర్యుడికి తొందరెక్కువ. మనకి ఆడవాళ్లు సాయంత్రం టీ పెట్టుకునే వేళకి అక్కడ చీకటి పడిపోతుంది. లంగరు వేసేసరికి నీళ్లు నల్లగా అయిపోయాయి. పరదేశి చేతులు జోడించి ఏదో గొణుక్కున్నాడు.

దిగారు.

చేతిలో లైటు పడినంత మేరే లోకం. మిగతాదంతా చీకటి. లంగరు తాడు పట్టుకుని కిందికి... ఇంకా కిందికి... తన ఊపిరి చప్పుడు తనకే పెద్దగా వినిపిస్తూ ఉంటుందట అక్కడ. గౌరీశంకర్ ముందున్నాడు, గౌతమి వెనక. రాయి కనిపించింది. గౌరీశంకర్ లైటు దాని మీద ఒకసారి వేసి, ఇక్కడే అన్నట్టు చెయ్యి చూపించాడు.

గౌతమి బెల్లం ముక్క రాతి సందులో పెట్టింది. చేపలు వచ్చి మూతి పెట్టాయి. గౌరీశంకర్ ఇక పైకి పోదామని బొటనవేలు పైకెత్తి, తాడు వైపు తిరిగాడు.

గల్లు...

ఆగిపోయాడు.

లోపల గాలి పీల్చడం కూడా ఆపేశాడు. బుడగలు రావడం లేదు. మెల్లగా... చాలా మెల్లగా వెనక్కి తిరిగాడు. లైటు వేశాడు. రాయి ఉంది. చేపలున్నాయి. గౌతమి లేదు.

గల్లు... గల్లు...

మళ్లీ వెనక నుంచే.

ఒక్క ఉదుటున ఇటు తిరిగాడు. చీకటి. అటు తిరిగాడు. చీకటి. ఇప్పుడు బుడగలు కుండపోతగా వస్తున్నాయి. భయపడ్డవాడు లోతులో గాలిని గటగటా తాగేస్తాడు, సిలిండర్ చూస్తూండగానే ఖాళీ అయిపోతుంది. లైటు చేతిలోంచి జారి, మణికట్టుకి కట్టిన తాడుకి వేలాడుతూ గిరగిరా తిరిగింది. ఆ వెలుగు ఒకసారి అతని ముఖం మీద పడింది. అద్దం వెనక కళ్లు ఇంతింతలు.

గల్లు.

ఈసారి చెవి పక్కనే.

గౌరీశంకర్ తాడు దొరకబుచ్చుకుని పైకి పోయాడు. లోతులోంచి ఒక్కసారిగా వస్తే ప్రాణానికే ముప్పని, నెమ్మదిగా రావాలని వందలమందికి చెప్పినవాడు, అదంతా మరిచిపోయి పైకి పోయాడు.

రాతి వెనక లైటు ఆర్పుకుని ఉన్న గౌతమి అప్పుడు ఇవతలికి వచ్చింది. మువ్వ ఆమె చేతిలో ఉంది.

ఎద్దులు జత కదా, మువ్వలూ జతే. ఒకటి బంగార్రాజుతో సముద్రంలో పోయింది. రెండోది పశువుల సాలలో మేకుకి వేలాడుతుంటే, అత్తగారు చిన్నమ్మి దాన్ని తీసి కోడలి చేతిలో పెట్టింది. లోపలి గుండు తీయించి పెద్దది వేయించుకుని, వైజాగ్ సముద్రంలో మోగించి చూసుకుని మరీ వెళ్లింది గౌతమి. దాని పని ఇక అయిపోయింది. అక్కడే ఇసకలోకి వదిలేసి, నెమ్మదిగా, నేర్చుకున్న పద్ధతిలో పైకి వచ్చింది.

ఈ ముక్క ఆమె నాతో చెప్పినప్పుడు నాకు నవ్వు, భయం రెండూ కలిసి వచ్చాయి. సాక్షి చేత నిజం కక్కించడానికి మా ప్లీడర్లు ఎన్ని తిప్పలు పడేవారో చూసినవాణ్ణి. ఈ పిల్లకి తట్టినట్టు ఎవరికీ తట్టలేదు.

బోటులో గౌరీశంకర్ చెక్క మీద కూలబడి ఉన్నాడు. వీపు మీద సరంజామా విప్పి పక్కన పడేశాడు. పరదేశి ముందు భాగంలో లంగరు లాగుతున్నాడు, ఇసకలో దిగబడి రావడం లేదు. గౌతమి గౌరీశంకర్ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏటయ్యింది అన్నియ్యా?"

"ఆడొచ్చేడు..."

"ఎవరు?"

"బంగార్రాజు. మువ్వ మోగించేడు. నా మెడ ఎనకాలే..."

"ఆయన నీ మీదకెందుకు వస్తాడు? నువ్వేటి సేసేవని?"

గౌరీశంకర్ తల ఎత్తలేదు.

"ఆ రోజు సిలిండర్లు నింపినప్పుడు పక్కనే బోటు ఇంజను ఆన్లో ఉన్నాది. నేనే ఆపలేదు. పొగంతా గాలి నింపే మిషన్లోకి పోనాది. రంగూడిపోయిన సిలిండరొకటి... వాసన సూస్తే తెలిసిపోనాది. లోతులో ఆ గాలి విషం. తీసి పక్కన పెట్టేను. తప్పు నాది కదా, సిగ్గేసి ఎవరికీ సెప్పలేదు. సాయంత్రం ఆడు తెలీక అదే తగిలించుకున్నాడు."

"నువ్వు సూసేవా?"

గౌరీశంకర్ కళ్లు మూసుకున్నాడు.

"సూసేను. బోటు అంచు మీద నిలబడి సముద్రానికి దండం ఎట్టేడు. రంగూడిన సిలిండరు ఆడి ఈపు మీద కనబడ్డాది. ఒరే ఆగరా అని గొంతు దాకా వచ్చినాది..."

"మరి పిలవలేదే?"

"బయల్దేరినోణ్ని ఎనకనుంచి పిలవకూడదు కదమ్మా. అందులోనూ నీళ్లలోకి దిగేవోణ్ని... మా అమ్మ సిన్నప్పటి నుంచీ సెప్పేది. ఒక్క చెనం ఆగేను. ఆ ఒక్క చెనంలో ఆడు దూకేసేడు."

మన ఇళ్లలో ఇది అందరికీ తెలిసిందే. గడప దాటినవాణ్ణి వెనక్కి పిలవం. గొడుగు మరిచిపోయాడనుకోండి, పక్క సందులోంచి పరుగెత్తి ఎదురు వెళ్లి ఇస్తాం తప్ప పేరు పెట్టి పిలవం. నేనూ పాటించినవాణ్ణే. కానీ గొడుగు వేరు, ప్రాణం వేరు.

గౌతమి వదల్లేదు.

"బోటు మీద గెస్టులున్నారు. పిలిస్తే విషం గాలి నింపేవని ఆళ్లందరికీ తెలిసిపోద్ది. నిజం సెప్పు అన్నియ్యా. శకునానికి బయపడ్డావా, పరువుకి బయపడ్డావా?"



"రెండూను."

"సిలిండరేదీ?"

"రాత్రికి రాత్రే గాలంతా వదిలేసేను."

"తాగేడని ఎందుకన్నావు?"

"ఏదో ఒకటి సెప్పాలి కదమ్మా..."

ఏదో ఒకటి! ఆ మాట విన్నప్పుడు ఇక్కడ నా అరుగు మీద కూర్చున్న నాకే రక్తం మరిగింది. ఆ పిల్ల మొగుడి పరువు రెండేళ్లుగా ఊరంతా నలిపి పారేస్తే, అది వీడికి నోటికి వచ్చిన ఏదో ఒకటి.

గౌతమి మాత్రం అరవలేదట. కొంగు లేదు కనక చేతులతోనే ముఖం తుడుచుకుని, ఒక్క మాట అడిగింది.

"రేపే నాతో ఇమానం ఎక్కు. మా అత్త కాళ్ల కాడ కూకుని సెప్పు. చోడవరం నడిబొడ్డున నిలబడి సెప్పు. మా ఆయన తాగలేదని సెప్పు."

"సెప్తాను. ఆడి మీద ఒట్టు. సెప్తాను..."

అన్నవాడు ఉన్నట్టుండి నిటారుగా కూర్చున్నాడు.

"అదిగో..."

"ఏటి?"

"మళ్లీ. కింద నుంచి... వినబళ్లేదా?"

గౌతమి చెవులు రిక్కించింది. బోటు పక్కకి నీళ్లు తగులుతున్న చప్పుడు. ముందు భాగంలో పరదేశి ఆయాసం. అంతే. మువ్వ ఆమె దగ్గర లేదు. ఇసకలో పడి ఉంది.

"నాకేటీ వినబళ్లేదు అన్నియ్యా."

"పిలుస్తన్నాడు. ముందు ఆడికి సెప్పుకోవాలి... ఆడికి సెప్పుకుని వచ్చేత్తాను."

లేచాడు. పక్కన పడేసిన సరంజామా అలాగే ఎత్తి భుజాలకి తగిలించుకున్నాడు. నిద్రలో నడిచేవాడిలా బోటు అంచు దాకా వెళ్లాడు.

నీళ్ల చప్పుడయ్యాక గానీ పరదేశి వెనక్కి తిరిగి చూడలేదు.

పొద్దున్న పైకి తీశారు. మువ్వరాయి పక్కనే, ఇసకలో బోర్లా పడి ఉన్నాడట. అతని సిలిండర్లో గాలి చుక్క లేదు. మొదటిసారి దిగినప్పుడే భయంతో అంతా పీల్చేశాడు. అదే సిలిండర్‌తో మళ్లీ దిగాడు. ఆ లోతులో నాలుగు ఊపిర్లకి కూడా చాలి ఉండదు. మువ్వ పిలిచింది, బాబు పోయేడు — పరదేశి పోలీసులకి అదే చెప్పాడు. మతి చలించి దిగాడని వాళ్లు రాసుకున్నారు.

చోడవరంలో ఇప్పుడు ఎవరినడిగినా చెబుతారు. బంగార్రాజు పగ తీర్చుకున్నాడని, రెండేళ్లు కాచుకుని స్నేహితుణ్ణి లాక్కుపోయాడని. చిన్నమ్మి అయితే నూకాలమ్మకి కోడిని కోసి మొక్కు చెల్లించింది. గౌరీశంకర్ ఒప్పుకున్న సంగతి గౌతమి చెప్పబోతే మాత్రం, "చచ్చినోడి మీద ఎందుకమ్మా ఇప్పుడు" అని నోరు మూయిస్తున్నారు. తాగి పోయాడన్న మాట పోలేదు. తాగుబోతు దెయ్యానికి కోపమెక్కువ అని కొత్తగా ఇంకో మాట కలిసింది.

మొన్న సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి ఇదంతా చెప్పుకొచ్చింది. వాన పడుతోంది. కరెంటు పోయింది. మా ఆవిడ లోపల దీపం కోసం తడుముకుంటోంది. అంతా విన్నాక నాకు ఆ పిల్ల మీద జాలి, కోపం రెండూ వచ్చాయి.

"ఎంత పని జరిగిపోయిందే! వాడు బతికుంటే చెవి పట్టుకుని తెచ్చి నడివీధిలో చెప్పించేవాళ్లం కదా. నీ మొగుడి మీద మచ్చ తుడవగలిగిన నోరు లోకంలో అదొక్కటే. అది కాస్తా నీళ్లపాలైంది. నువ్వు ఇన్ని తిప్పలు పడింది దేనికి మరి?"



కోర్టు బుద్ధి ఎక్కడికి పోతుంది? కథలో ఒక్క ముక్క నాకు అతకడం లేదు. అడిగేశాను.

"అంత పనివాడు ఖాళీ సిలిండర్‌తో ఎలా దిగాడే? గాలెంత ఉందో చూపించే గడియారం లాంటిది వేలాడుతూ ఉంటుందన్నావు. వాడంటే ఒళ్లు తెలియని స్థితిలో ఉన్నాడు, చూసుకోలేదు. మరి నువ్వు? ఎదురుగా కూర్చున్నదానివి... నువ్వూ చూడలేదా?"

"సూసేను బాబాయ్."

నేను ఆమె వైపు వంగాను.

"సూది ఎర్రగీత కిందకి దిగిపోయి ఉన్నాది. నన్ను రాసుకునే నడిసెళ్లేడు. అంచు మీద నిలబడ్డాడు. దండం ఎట్టేడు."

"మరి... గట్టిగా ఒక్క కేక..."

"ఎయ్యాలనే నోరు తెరిసేను." చీకట్లో ఆమె ముఖం కనిపించలేదు. గొంతులో ఏ తేడా లేదు.

"బయల్దేరిన మనిషి కదా బాబాయ్. ఎనకనుంచి ఎలాగ పిలుస్తాను?"